పిల్ల అన్నం మానేస్తే తప్పు ఎవరి రక్తానిది?

(నెల్లూరు తీర గ్రామాల మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆడపిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. రక్తహీనత గురించో, చిన్న వయసులోనే గర్భసంచి తీయించెయ్యడం గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇక ముందూ మాట్లాడుకోవాలి. ఇవాళ మాత్రం మన సమావేశాల్లో ఇంతవరకు ఎవరూ ఎత్తని మాట ఒకటి ఎత్తుతాను. ఇంట్లో అన్నం ఉంది. పిల్లకు ఆకలీ ఉంది. అయినా తినదు, తినలేకపోతుంది. ఆ పిల్ల గురించి మాట్లాడతాను.

ఇది మా ఇంట్లో జరిగింది. ఆ పిల్ల అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

మా చెల్లెలికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళది సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. మరిది రొయ్యల గుంటలు చేస్తాడు. పిల్లలిద్దర్నీ ఇంటర్మీడియట్‌కు హాస్టల్లో వేశారు. పెద్దది రెండో సంవత్సరం, చిన్నది మొదటి సంవత్సరం. ఆ హాస్టల్ నీళ్ళ వల్ల ఇద్దరికీ ఒకే వారంలో పచ్చకామెర్లు వచ్చాయి. ఇంటికి తెచ్చుకున్నారు. నేల ఉసిరి పసరు పోయించారు. నెల రోజులు చప్పిడి పథ్యం పెట్టారు. నెల తిరిగిన మర్నాడే పెద్దది చేపల పులుసు అడిగి పెట్టించుకుని తిన్నది. చిన్నది మాత్రం పథ్యం వదల్లేదు. ముందు నూనె వద్దన్నది, తర్వాత పప్పు వద్దన్నది, ఆ తర్వాత అన్నమే వద్దన్నది. చివరికి రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు మజ్జిగ ఆ పిల్ల రోజు తిండి అయ్యాయి.

అప్పటికి ఇంట్లో ఎవరమూ భయపడలేదు. భయపడకపోగా సంతోషించాం. ఆ పిల్ల కాస్త బొద్దుగా ఉండేది. పెద్దమనిషి అయినప్పుడు కట్టిన ఫ్లెక్సీలో తన ఫొటో చూసి మేనత్త కొడుకులు 'బొండాం' అని పేరు పెట్టారు. కామెర్ల తర్వాత చిక్కిపోయి కనబడితే వచ్చిన చుట్టాలంతా 'జబ్బు చేసినా పిల్ల నాజూగ్గా తయారైంది' అన్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 'ఇప్పుడు చూడు, ఓణీ నీకెంత నప్పిందో' అని నా నోటితో నేనే అన్నాను. జీవశాస్త్రం చెప్పినదాన్ని, మన సంఘంలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్నదాన్ని, నేనే ఆ మాట అన్నాను.

ఐదు నెలల్లో 52 కిలోల పిల్ల 36 కిలోలకు వచ్చింది. ముట్టు ఆగిపోయింది. జుట్టు రాలింది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేది. అయినా తెల్లవారుజామున లేచి మిద్దె మీద గంటసేపు నడిచేది. ఇంకో వింత చూడండి. తాను తినదు గానీ మిగతా అందరికీ వండి పెట్టేది. ఫోన్లో వంటల వీడియోలు చూసి నోటు పుస్తకంలో రాసుకునేది. అందరూ తిన్నారా లేదా అని ఎదురుగా కూర్చుని చూసేది.

మా చెల్లెలు కడుపుకు స్కానింగు తీయించింది. దిష్టి తీయించింది, అంత్రం కట్టించింది. ప్రేమ వ్యవహారం ఏమన్నా ఉందేమోనని పిల్లను నిలదీసింది కూడా. అప్పుడు పిల్ల నాయనమ్మ ఒక మాట అన్నది: 'మా ఇంటా వంటా ఇట్లాంటి పిచ్చి లేదు. ఇది మీ రక్తం.' ఆ తర్వాత చూపించిన ఒక వైద్యుడు ఇంకో మాట అన్నాడు: 'తల్లి గారాబం చేసి చెడగొట్టింది. రెండు తగిలిస్తే తింటుంది.'

ఒకరు రక్తం అన్నారు, ఒకరు పెంపకం అన్నారు. రెండు వేళ్ళూ మా చెల్లెలి వైపే చూపించాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు వేళ్ళ గురించే.

ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు. 1873లో లండన్‌లో గల్, పారిస్‌లో లాసెగ్ అనే ఇద్దరు వైద్యులు, ఎవరికి వారే, దీన్ని వర్ణించారు. తిండి రుగ్మతల్లో ఇది ఒకటి. ఇంకోటి బులీమియా. అందులో మనిషి అదుపు లేకుండా తినేసి, వెంటనే వాంతి చేసుకోవడమో, విరేచనాల మందు మింగడమో చేస్తుంది. ఇవి ఎక్కువగా ఆడపిల్లలకే వస్తాయి గానీ మగపిల్లలకు రాకపోవు. వీటిని చిన్నచూపు చూడకూడదు. మానసిక జబ్బులన్నింటిలో ప్రాణహాని ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. గల్ కాలం నుంచి చాలాకాలం పాటు వైద్యులు ఇంటివాళ్ళనే అనుమానించారు. పిల్లను ఇంటి నుంచి విడదీస్తేనే బాగుపడుతుందన్నారు. తల్లిని తప్పుపట్టడం మన పల్లెలో పుట్టిన అలవాటు కాదన్నమాట. అది పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా వందేళ్ళు నడిచింది.

మరి ఇందులో వంశం పాత్ర ఉందా? ఉంది. లేదని చెబితే అబద్ధం చెప్పినట్టే. దీన్ని కవల పిల్లల ద్వారా తెలుసుకున్నారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు ఒకటే. వేరువేరు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు అక్కచెల్లెళ్ళలాగా సగం పంచుకుంటారు. ఇద్దరిలో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం మొదటి రకం కవలల్లో ఎక్కువగా ఉంది. ఇట్లాంటి పరిశోధనలన్నీ చూసి, ఈ జబ్బు ముప్పులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వంశం వాటా దాదాపు సగం, ఆ పైన కొంత అని లెక్క కట్టారు.

ఈ 'సగం' అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మా చెల్లెలి పిల్లల ఊళ్ళోనే ఒకావిడ నన్ను అడిగింది, 'అయితే సగం తప్పు రక్తానిదే కదా టీచరమ్మా?' అని. కాదు. ఒక పిల్ల జబ్బును కత్తితో రెండు ముక్కలు చేసి, ఇది వంశానిది, ఇది ఇంటిది అని పంచలేం. ఎత్తును ఉదాహరణగా తీసుకుందాం. ఒక ఊళ్ళో పిల్లలందరికీ కడుపు నిండా ఒకే రకం తిండి దొరుకుతోంది అనుకోండి. అప్పుడు వాళ్ళ ఎత్తుల్లో కనబడే తేడా దాదాపు అంతా వంశానిదే అవుతుంది. అదే ఊళ్ళో సగంమంది పిల్లలకు తిండి లేకుండా పోయిందనుకోండి. అప్పుడు తేడాలో తిండి వాటా పెరుగుతుంది, వంశం వాటా తగ్గుతుంది. పిల్లల జన్యువులు ఏమీ మారలేదు. బతుకు మారింది, దాంతో లెక్క మారింది. కాబట్టి ఆ సగం అనేది సమాజంలో ఉన్న తేడాల గురించి చెప్పే లెక్క. ఒక తల్లి మీద వెయ్యడానికి పనికొచ్చే శిక్ష కాదు.

ఇక్కడ చాలామంది విత్తనం, పొలం అనే పోలిక చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. మగవాడు విత్తనం, ఆడది పొలం అని చెప్పి చెప్పి, పండితే అతని గొప్ప, పండకపోతే ఆమె లోపం అన్నారు. జీవశాస్త్రం ఆ మాట ఒప్పుకోదు. తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం వస్తాయి. 'మీ రక్తం' అని కోడలి వైపు వేలు చూపే ప్రతి ఇంట్లోనూ ఆ సగం కొడుకుది కూడా.

మనకు విత్తనం, పొలం కన్నా మంచి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట. అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. వర్ధినేని రోశమ్మ పేరు తెలియనివాళ్ళు ఈ హాల్లో లేరు. అప్పటికి సారా పాకెట్లలో వీధి వీధికీ వచ్చేది. తాగి వచ్చి కొట్టేవాడి గురించి పెద్దవాళ్ళు ఏమనేవారో గుర్తుందా? 'వాడి నాయనా అంతే, వాడి తాతా అంతే. అది వాళ్ళ రక్తంలోనే ఉంది' అనేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మద్యానికి బానిస అవడంలో కూడా వంశం వాటా దాదాపు సగం అని కవలల పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఆడవాళ్ళు రక్తం మారేదాకా కూర్చున్నారా? అంగడి మూయించారు. వేలం పాటలు ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అప్పుడు మా వీధిలో తాగేవాళ్ళలో చాలామంది మానేశారు. కొందరు మానలేక ఎక్కడెక్కడో వెతుక్కుని తాగారు. ఆ కొందరిలో వంశం బలంగా ఉందేమో. మిగతావాళ్ళకు కూడా అదే రక్తం, అవే జన్యువులు. అంగడి మాత్రం లేదు. 1997లో నిషేధం సడలించగానే మళ్ళీ ఏం జరిగిందో మీరంతా చూశారు.

జన్యువూ పరిసరాలూ కలిసి పనిచెయ్యడం అంటే ఇదే. జన్యువు ఒక మనిషిని కాస్త బలహీనంగా నిలబెడుతుంది. తోసేది చుట్టూ ఉన్న లోకం. తోసేవాళ్ళు లేకపోతే ఆ బలహీనత బయటపడకుండానే ఒక జీవితం గడిచిపోవచ్చు. మా చెల్లెలి ఇద్దరు పిల్లల్నీ చూడండి. ఒకే ఇల్లు, ఒకే హాస్టల్, ఒకే నీళ్ళు, ఒకే కామెర్లు, ఒకే పథ్యం. ఒకరు పులుసు అడిగారు, ఒకరు పథ్యంలోనే ఉండిపోయారు. ఒక్క పెంపకమే కారణమైతే ఇద్దరికీ రావాలి. ఒక్క రక్తమే కారణమైతే కామెర్లకు ముందు పదిహేనేళ్ళు ఆ పిల్ల హాయిగా ఎట్లా తిన్నది?

ఆ బలహీనత ఏమిటన్నది ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2019లో పదిహేడు దేశాల నుంచి సేకరించిన సమాచారంతో ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. ఈ జబ్బు వచ్చిన 16,992 మంది జన్యువులను, రాని 55,525 మంది జన్యువులతో పోల్చారు. తేడా ఎనిమిది చోట్ల స్పష్టంగా దొరికింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. అంటే 'తిండి మానే జన్యువు' అంటూ ఒకటి లేదు. వందలాది చిన్న చిన్న తేడాలు కలిసి ముప్పును కాస్త పెంచుతాయి. వాటిలో కొన్ని ఆందోళన, దిగులు, చేసిందే చెయ్యాలనిపించే చాదస్తం లాంటి వాటితో ముడిపడినవి. కొన్ని ఒంట్లో చక్కెర, కొవ్వు ఖర్చయ్యే తీరుతో ముడిపడినవి. అంటే ఇది మనసు జబ్బే కాదు, ఒంటి జబ్బు కూడా. తగ్గిన బరువు తిరిగి పెరగడానికి కొందరి ఒళ్ళే సహకరించదు. దాన్ని మనం మొండితనం అన్నాం.

ఆ పరిశోధనలో ఉన్నవాళ్ళంతా ఐరోపా సంతతివాళ్ళు. మన తెలుగువాళ్ళ రక్తం అందులో లేదు. ఎవరైనా రక్తపరీక్ష చేసి 'ఈ పిల్లకు వస్తుంది, ఈ పిల్లకు రాదు' అంటే నమ్మకండి. అట్లా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, చిన్నదాని సంగతి తెలిసి పెద్దదానికి వచ్చిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. 'వంశంలో ఏదో ఉందట' అన్నారు. వంశం అనే మాటను సైన్సు ఒక అర్థంలో వాడుతుంది, పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇంకో అర్థంలో వాడతారు. రెండూ కలిసిపోకుండా చూడడం మన పని.

ఇక తోసే లోకం సంగతికి వద్దాం. అది మూడు రకాలుగా తోస్తుంది.

మొదటిది వయసు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కవల ఆడపిల్లల్ని పరిశీలించి 2000లో ఒక సంగతి బయటపెట్టారు. తిండి గురించి, బరువు గురించి బెంగపడే ఆలోచనల్లో, పదకొండేళ్ళ పిల్లల్లో వంశం పాత్ర దాదాపు కనబడలేదు. పదిహేడేళ్ళ పిల్లల్లో అది సగం దాకా ఉంది. తర్వాత చూస్తే, పదకొండేళ్ళకే పెద్దమనిషి అవుతున్న పిల్లల్లో పెద్దపిల్లల్లాగే ఉంది. నిద్రపోతున్న జన్యువు ఆ వయసులో లేస్తుందన్నమాట. మనం ఏం చేస్తున్నాం? సరిగ్గా ఆ వయసులోనే పిల్లను పీట మీద కూర్చోబెట్టి పదిమందికీ చూపిస్తున్నాం. ఫ్లెక్సీలు కడుతున్నాం. 'లావయింది, నల్లబడింది, ఎదిగింది' అని ఎదురుగానే మాట్లాడుకుంటున్నాం. ఆ తర్వాత రెండేళ్ళకు హాస్టల్లో వేసి, మార్కులు తప్ప ఇంకేమీ అడగడం లేదు.

రెండోది కళ్ళకు కనబడే బొమ్మ. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అక్కడ అంతవరకు బొద్దుగా ఉండడమే అందం, ఆరోగ్యం. అమెరికన్ పరిశోధకురాలు ఆన్ బెకర్ అప్పుడొకసారి, 1998లో మరోసారి బడిపిల్లల్ని ప్రశ్నించింది. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్నవాళ్ళు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ళకు 11.3 శాతం ఉన్నారు. చిన్న పరిశీలనే, ప్రతిసారీ అరవై మందికి పైచిలుకు పిల్లలు. వాళ్ళందరికీ జబ్బు వచ్చిందని కాదు. కానీ మూడేళ్ళలో ఆ దీవుల జన్యువులు మారలేదు కదా! మారింది ఇంట్లోకి వచ్చిన బొమ్మ. మన తీరంలో ఇవాళ ఆ బొమ్మ ప్రతి పిల్ల చేతిలో ఉంది, ఫోన్లో.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆకలే ఈ జబ్బును పెంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అదే మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ళ ఒప్పుదలతో, ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టాడు. బరువు పావు వంతు దాకా తగ్గింది. వాళ్ళకు పగలూ రాత్రీ తిండి ఆలోచనే. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పళ్ళెం ముందు గంటల తరబడి కూర్చున్నారు. దిగులు, చిరాకు పెరిగాయి. అది చదివినప్పుడు మా పిల్ల నోటు పుస్తకం గుర్తొచ్చి నాకు దుఃఖం ఆగలేదు. ఆకలి మెదడును మార్చేస్తుంది. చాలామంది తిరిగి తినగలుగుతారు. జన్యుపరంగా బలహీనంగా ఉన్న కొందరు ఆ గోతిలోంచి పైకి రాలేరు. కామెర్లు కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, పథ్యం కావచ్చు, మొక్కుకున్న ఉపవాసాలు కావచ్చు, పెళ్ళిచూపుల కోసం కడుపు మాడ్చుకోవడం కావచ్చు. బరువు ఒక్కసారిగా తగ్గడమే కొందరికి మొదటి మెట్టు. పథ్యం అయిపోయే తేదీ ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ మీలో కొందరు ఒక ప్రశ్న అడగబోతున్నారని నాకు తెలుసు. 'అక్కా, ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు కదా? మన యానాది గూడెంలో, రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకు తినడానికే లేదు. వాళ్ళను వదిలేసి దీని గురించి ఎందుకు?' న్యాయమైన ప్రశ్న. లేక తినకపోవడం, ఉండీ తినలేకపోవడం ఒకటి కాదు. మొదటిదాని మీద మన పోరాటం ఆగకూడదు. కానీ రెండోది డబ్బున్నవాళ్ళకే వస్తుందన్నది నిజం కాదు. మనం గుర్తుపట్టడం లేదు, అంతే. పడమటి దేశాల్లో పిల్ల 'నేను లావుగా ఉన్నాను' అంటుంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 1995లో ఐదుగురు యువతుల గురించి రాశారు. వాళ్ళు తిండి మానేశారు, బరువు తగ్గారు, కానీ తమ ఒంటి ఆకారం గురించి ఆ బెంగ లేదు. మన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 2007లో తమ దగ్గరికి వచ్చిన పిల్లల గురించి రాశారు. అక్కడ తిండి రుగ్మత ఉన్నవాళ్ళలో ఎక్కువమందిది మానసిక కారణాలతో వచ్చే వాంతుల జబ్బే. మన పిల్ల లావు మాట ఎత్తదు. 'సయించడం లేదు, కడుపుబ్బరం, శుక్రవారం ఉపవాసం' అంటుంది. ఆడవాళ్ళు చివర తినే ఇళ్ళల్లో ఒకరు తినకుండానే పడుకున్నా ఎవరికీ తెలియదు.

మా ఇంటి సంగతి పూర్తి చేస్తాను. చివరికి ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాం. ఆమె మా చెల్లెలితో మొదట అన్న మాట: 'ఇది మీ వల్ల రాలేదమ్మా. కానీ మీరు లేకుండా పోదు.' ఆ మాటకు మా చెల్లెలు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు 1987లోనే ఈ సంగతి చూపించారు. జబ్బు వచ్చి ఎక్కువ కాలం కాని చిన్నపిల్లల విషయంలో, ఇంటివాళ్ళను దోషులుగా కాక సహాయకులుగా నిలబెట్టి వైద్యం చేస్తే ఫలితం బాగుంటుందని. వందేళ్ళు దూరం పెట్టిన తల్లిదండ్రులనే పళ్ళెం పక్కన కూర్చోబెట్టారు.

మా మరిది గుంటల పని తమ్ముడికి అప్పగించి మూడు పూటలా కూతురి పక్కన కూర్చున్నాడు. ఒక్కో పూట గంటన్నర. తిట్టడం లేదు, కొట్టడం లేదు, లేచిపోనివ్వడమూ లేదు. అట్లా ఒక రాత్రి అందరం కూర్చుని ఉంటే నాయనమ్మ తనంతట తానే చెప్పింది. తన ఆడబిడ్డ ఒకామె ఉండేదట. ఇంటిల్లిపాదికీ వండి పెట్టి, తాను మాత్రం ఉపవాసం అనేదట. భక్తురాలని అందరూ కాళ్ళకు మొక్కేవారట. ముప్పై ఏళ్ళకే ఎండిపోయి చనిపోయిందట. అంతా నిశ్శబ్దంగా ఉండిపోయాం. పోయిన మనిషికి నేను జబ్బు పేరు పెట్టను. మా చెల్లెలి మీద నుంచి వేలు తీసి ఆ ఇంటి మీద పెట్టాలని కూడా ఈ మాట చెప్పడం లేదు. వేలు చూపడమే మానేద్దామని చెబుతున్నాను. ఆ రోజు నుంచి ఆ పెద్దావిడ 'మీ రక్తం' అనే మాట అనలేదు.

కార్యకర్తలుగా మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆడపిల్ల ఒంటి గురించి, సన్నబడిందనీ లావయిందనీ, పొగడ్తగా కూడా వ్యాఖ్యానించడం ముందు మనం మానాలి. జబ్బు చేసి లేచిన పిల్ల పథ్యం ఎప్పటితో ఆపాలో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. హాస్టళ్ళకు పోయినప్పుడు మంచినీళ్ళూ మరుగుదొడ్లతో పాటు భోజనానికి ఎన్ని నిమిషాలు ఇస్తున్నారో, ఎవరు తినడం లేదో అడగాలి. బరువు తగ్గడం, ముట్టు ఆగిపోవడం, భోజనం కాగానే బాత్రూంలోకి పోవడం, ఒంటరిగా తినడం, అందరికీ వండి తాను తినకపోవడం లాంటివి కనబడితే ఆశ కార్యకర్తకు చెప్పాలి. ఇంకో హెచ్చరిక. బాగా చిక్కిపోయిన పిల్లకు ఇంట్లో బలవంతంగా ఒక్కసారే ఎక్కువ తినిపించకండి, ఆర్.ఎం.పి. చేత గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించకండి. చాలాకాలం తినని ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పోతే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం. కళ్ళు తిరిగి పడిపోతున్నా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా పెద్దాసుపత్రికే తీసుకుపోవాలి.

వైద్యం దయతో వేసే భిక్ష కాదు. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్య సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి బాలికల హాస్టల్ గోడ మీదా ఉండాలని మనం కలెక్టరు గారికి అర్జీ పెట్టాలి. ఈ సమావేశం తీర్మానాల్లో దీన్ని చేర్చమని కోరుతున్నాను.

మా చెల్లెలి చిన్న కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తింటోంది. పరీక్షల ముందు ఇంకా ఇబ్బంది పడుతుంది. పూర్తిగా గట్టెక్కిందని నేను చెప్పను. ఈ ప్రసంగానికి అనుమతి అడిగినప్పుడు తిరిగి నన్నొక ప్రశ్న అడిగింది: 'పెద్దమ్మా, రేపు నాకు కూతురు పుడితే దానికీ వస్తుందా?'

నేను దానికి అబద్ధం చెప్పలేదు. 'మిగతావాళ్ళ కన్నా ముప్పు ఎక్కువే. కానీ ఈ జబ్బు వచ్చిన తల్లుల కూతుళ్ళలో ఎక్కువమందికి అది రాదు. నువ్వు దానికి ఇచ్చే రక్తం నీ చేతిలో లేదు. దాని చుట్టూ మేం ఏం మాట్లాడతామో, దాని పళ్ళెంలో ఎవరు వేలు పెడతారో, అది మా అందరి చేతిలో ఉంది' అన్నాను.

దూబగుంట ఆడవాళ్ళు మగవాళ్ళ రక్తం మారాలని ఎదురుచూడలేదు. మనమూ చూడొద్దు.

సెలవు.